నలుపులో కలిసిపోయిన పగులు

వీడియో మిక్సింగ్, అంటే తీసిన వీడియోను కత్తిరించి వరసగా కూర్చే పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. జనగామలో ఒకరి దగ్గర పని నేర్చుకుని, మానుకోటలో సొంత దుకాణం నడిపి, చివరికి భూపాలపల్లిలో ఒక శిక్షణ కేంద్రంలో పనిచేసి పోయినేడు ఇంటికి వచ్చాను. ఈ మధ్య కొత్త పిల్లలు కలిసినప్పుడల్లా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ కంప్యూటర్ కొనాలి అని అడుగుతున్నారు. భయపడటం ఎట్లాగో మాత్రం ఎవరూ అడగరు. నాకు పనిచేసినన్నాళ్లూ భయమే. భయపడాల్సిన చోట పడకుండా, అక్కర్లేని చోట పడ్డాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు డబ్బా సంగతి చెప్పాలి. మనం కూర్చునే కంప్యూటర్ తెర మన కోసం. చూసేవాళ్లు చూసేది టీవీలో. ఈ రెండింటి నడుమ అరచేతి మందాన ఒక డబ్బా ఉంటుంది. కంప్యూటర్ నుంచి బొమ్మను తీసుకుని టీవీకి అర్థమయ్యేట్టు మార్చి పంపడం దాని పని. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ధూళి తుడవరు. నా జీవితంలో రెండుసార్లు గుండె ఆగినంత పనైంది, రెండుసార్లూ ఆ డబ్బా దగ్గరే.

నల్లబొట్టు

జనగామలో మా గురువు సత్తెన్న. స్టేషన్ రోడ్డులో చిన్న గది, అందులో ఒక కంప్యూటర్, ఒక డబ్బా, ఒక మంచి టీవీ. మనిషి ముక్కోపి. టీ చల్లారితే గ్లాసు విసిరేవాడు గానీ పని దగ్గర మాత్రం నిదానం. అప్పటికి ఇంకా క్యాసెట్ల కాలం. మిక్సింగ్ చేసిన పెండ్లిని డబ్బా గుండా క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం.

నెల్లికుదురు పక్క ఊరి పెండ్లి ఒకటి నేనొక్కడినే పూర్తి చేశాను. మా టీవీలో పెట్టి చూస్తే రంగులు కళకళలాడాయి. సంతోషంగా క్యాసెట్ పంపించాను. రెండో రోజు పొద్దున్నే కబురు వచ్చింది, వెంటనే రమ్మని. సత్తెన్న, నేను బస్సెక్కి వెళ్లాం.

వాళ్లింట్లో ఊరంతా ఉన్నట్టు జనం. పాత టీవీ నడుస్తోంది. పెండ్లంతా రంగు లేకుండా, బూడిద బూడిదగా వస్తోంది. పెండ్లికూతురి నాయనమ్మ టీవీ ముందు నేల మీద కూర్చుని ఏడుస్తోంది. ఎర్ర చీర బొగ్గులా ఉంది. ఎర్రటి కుంకుమ బొట్టు నల్లగా ఉంది. ఆమె నన్ను చూసి ఒక్కటే మాట అంది.

"నా మనుమరాలి బొట్టు నల్లగ జేసినవు గదా బిడ్డా."

మన టీవీలు రంగును చదివే పద్ధతి ఒకటి, కొన్ని దేశాల టీవీలు చదివే పద్ధతి వేరొకటి. డబ్బాలో ఆ పద్ధతి మారిపోయి ఉంది. మా మంచి టీవీ రెండు రకాలూ చదువుతుంది కాబట్టి నాకు తెలియలేదు. వాళ్ల పాత టీవీకి రెండోది రాదు. తప్పు ఇంతే, ఒక్క నొక్కుడు పని. కానీ ఆ ఇంట్లో ఆ మాట ఎవరికి చెప్పగలను? అవతలి వాళ్లకు అది అపశకునం.

సత్తెన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అవ్వ ముందు గొంతుక్కూర్చుని, "తప్పు నాది అవ్వా, పిల్ల బొట్టు ఎర్రగనే ఉన్నది, రేపు నేనే తెచ్చి చూపెడ్త" అన్నాడు. తెల్లారి తెచ్చి చూపించాడు కూడా. ఆ వారమే ఎక్కడి నుంచో అట్లాంటి పాత టీవీ ఒకటి తెచ్చి మా మంచి టీవీ పక్కన పెట్టాడు. చూసేటోళ్ల టీవీలో చూడకుండా పని అయిపోయిందని అనొద్దని చెప్పాడు. నేను ఆ మాటను ఖురాన్ మీద ఒట్టేసినట్టు పట్టుకున్నాను. అది సగం మాటే అని తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

పెండ్లి కండ్లు

మానుకోట దుకాణం గురించి ఎక్కువ చెప్పను. పెండ్లిళ్లు, బారసాలలు, ఓణీ ఫంక్షన్లు. అక్కడ నా కండ్లకు ఒక అలవాటు పడింది. జనానికి బొమ్మ దిట్టంగా ఉండాలి. నలుపు కటిక నలుపుగా, బంగారం ధగధగ మెరిసేట్టు ఉండాలి. వెంట్రుకల్లో పోగులు కనిపించకపోయినా ఫర్వాలేదు, జడ నిగనిగలాడాలి. నేను ప్రతి పెండ్లికీ నలుపును ఇంకా కొంచెం నొక్కేవాణ్ని. "ఖాజా భాయ్ మిక్సింగ్‌ల బొమ్మ కొడ్తది" అని పేరొచ్చింది. మంచి బొమ్మ అంటే అదే అని నా కండ్లు నమ్మేశాయి.

ఫోన్లు వచ్చాక దుకాణం నడవలేదు. తెలిసిన ఒకాయన ద్వారా భూపాలపల్లి శిక్షణ కేంద్రంలో చేరాను. బొగ్గుబాయిలోకి కొత్తగా దిగే కాంట్రాక్టు పనివాళ్లకు అక్కడ పాఠాలు చెబుతారు. వాళ్లకు చూపించే ఫిల్ములు తయారు చేయడం, హాల్లో పెద్ద టీవీలో నడపడం నా పని.

అక్కడ పాఠం చెప్పేది కొమురయ్య సర్దార్. సర్దార్ అంటే బాయిలో ఒక జట్టు మనుషుల ప్రాణానికి జవాబుదారీగా ఉండేవాడు, పని మొదలుకాక ముందు బాయి పైకప్పు కొట్టి చూసి, మంచిగా ఉందంటేనే మనుషుల్ని లోపలికి వదిలేవాడు. ఆయన ముప్పై ఏళ్లు ఆ పని చేసి రిటైరయ్యాక ఇక్కడికి వచ్చాడు. తక్కువ మాట్లాడేవాడు. నవ్వితే పండ్లు కనిపించేవి కావు.

మేమిద్దరం కలిసి ఒక ఫిల్ము తీశాం. దాని మొత్తంలో ఆయనకు ముఖ్యం ఒక్క ముక్క. శిక్షణ కోసం నేల మీద కట్టిన నకలు గనిలో ఒక కప్పు, ఆ కప్పు మూలన వెంట్రుక వాసి పగులు. దీపం వెలుగు మెల్లగా దాని మీదుగా పోతుంది. అంతే. నేను దాని చుట్టూ ఎర్ర సున్నా చుడతానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"లోపల ఎర్ర సున్న జుట్టి ఉంటదా ఖాజా?"

కాబట్టి సున్నా లేదు, మాట లేదు, బాణం గుర్తు లేదు. ఆ చోటికి రాగానే నేను బొమ్మ ఆపాలి. ఆయన హాలంతా చూసి "ఏం కనపడ్తున్నది?" అని అడిగేవాడు. ఎవరో ఒకరు చెప్పేదాకా ఎంతసేపైనా ఊరుకునేవాడు. చెప్పాక కూడా, మిగిలిన వాళ్లను ఒక్కొక్కరిని లేపి టీవీ దగ్గరికి తీసుకుపోయి వేలు పెట్టించేవాడు. ఏ బాయి వాళ్లు వస్తే ఆ బాయి ఫొటోలు చేర్చమనేవాడు. అందుకే ఫిల్మును ఎప్పుడూ మిక్సింగ్ కంప్యూటర్ నుంచి డబ్బా గుండా నేరుగా నడిపేవాళ్లం.

కొత్త కంప్యూటర్

పాత కంప్యూటర్ ముసలిదైపోయింది. నేనే పోరు పెట్టి కొత్తది తెప్పించాను. అది వచ్చిన వారమే సర్దార్ కంటి శుక్లాల ఆపరేషన్‌కు వరంగల్ పోయి సెలవు పెట్టాడు. ఆయన బదులు వేరే సారు వచ్చాడు. సోమవారం కొత్త బ్యాచు. గురువారం డబ్బా తగిలించాను. కంప్యూటర్ దాన్ని అసలు గుర్తుపట్టలేదు.

ఈ భాగం కొత్తవాళ్లు జాగ్రత్తగా చదవండి. మొదట కరెంటు చూసుకోవాలి. డబ్బా మీద దీపం వెలిగినంత మాత్రాన సరిపోను కరెంటు అందుతున్నట్టు కాదు. నేను దాని అడాప్టర్ మార్చి చూశాను, ఫలితం లేదు. తర్వాత వైరు. పొడుగు వైరు తీసి పొట్టిది పెట్టాను, లేదు. తర్వాత వైరు పెట్టే రంధ్రం. కొత్త కంప్యూటర్లలో అన్నీ ఒకే తీరు సన్న రంధ్రాలు, చూడటానికి కవల పిల్లలు. కానీ మూడింటిలో రెండు పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పనులకే. పక్కన చిన్న మెరుపు గుర్తు ఉన్న ఒక్కదాంట్లోనే ఈ డబ్బా నడుస్తుంది. కండ్లద్దాలు పెట్టుకుని ఆ గుర్తు కనిపెట్టేసరికి గురువారం అయిపోయింది. శుక్రవారం డబ్బాకు సంబంధించిన పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది ఎక్కించాను. అప్పుడు కంప్యూటర్ డబ్బాను గుర్తుపట్టింది. టీవీ మాత్రం నల్లగానే ఉంది.

ఇంతవరకు నేను సత్తెన్న నేర్పినట్టే చేశాను. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చింది క్యాలెండర్ వెనక రాసిపెట్టుకోవాలి. పని జరగకపోతే దాన్ని మళ్లీ ఎట్లా ఉన్నదట్లా పెట్టి, అప్పుడే రెండోది ముట్టాలి.

శనివారం నాకు భయం పట్టుకుంది. మా కేంద్రం ఇన్‌చార్జి సారు గంటకోసారి తలుపు దగ్గరికి వచ్చి, కొత్తది తెప్పించింది నువ్వే కదా అని గుర్తుచేసి పోతున్నాడు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. రిటైరు కావడానికి ఏడాది ఉంది. ముసలోడికి కొత్త కంప్యూటర్ రాదని అందరూ అనుకుంటున్నట్టే అనిపించింది. ఆ గాబరాలో సెట్టింగుల పేజీలో రెండు మూడు కలిపి మార్చేశాను. ఏవో రాసుకోలేదు. టీవీలో బొమ్మ దిగింది.

నిజంగా చెప్తున్నాను, కండ్లలో నీళ్లు తిరిగాయి. హాలుకు పోయి పెద్ద టీవీ ముందు నిలబడి చూశాను. సత్తెన్న మాట తప్పలేదు, చూసేవాళ్లు చూసే టీవీలోనే చూశాను. బొమ్మ మునుపటి కంటే దిట్టంగా ఉంది. నలుపు కటిక నలుపు, దీపం వెలుగు ధగధగ. కంప్యూటర్ తెరకూ దీనికీ కొంచెం తేడా ఉందని కూడా గమనించాను. ఇదే బాగుందనుకున్నాను. నా పెండ్లి కండ్లకు అది బాగానే ఉంది మరి. సోమవారం ఇన్‌చార్జి సారు చూసి కొత్త కంప్యూటర్ అంటే కొత్త కంప్యూటరే అన్నాడు. బదులు వచ్చిన సారు ఎక్కడా ఆపకుండా ఫిల్ము మొత్తం ఒక్కసారే నడిపించాడు. ఒక బ్యాచు పోయింది. రెండో బ్యాచు పోయింది. వాళ్లు బాయిలో దిగారు.

సర్దార్ కన్ను

సర్దార్ తిరిగి వచ్చాడు, నల్లద్దాలతో. మూడో బ్యాచుకు ఆయనే పాఠం. ఆ చోటికి రాగానే ఆపమన్నాడు, ఆపాను. ఏం కనపడుతున్నదని అడిగాడు. ఎవరూ పలకలేదు. ఆయన ఊరుకుని చూశాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. అద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. టీవీ దగ్గరికి పోయి ఆ మూల మీద వేలు పెట్టి తడిమాడు. తర్వాత వాళ్లను తిండికి వదిలేశాడు.

నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆ మనిషి ముఖంలో భయం నేను అదివరకు చూడలేదు.

"నా కన్ను పోయినట్టున్నది ఖాజా. పగులు కనపడ్తలేదు. ఆపరేషన్ మంచిగ కాలే."

నేను ఏదో ధైర్యం చెప్పాను. ఆయన వినలేదు. పగులు కనపడనోడు పాఠం చెప్పొద్దని, రేపు ఇన్‌చార్జి సారుకు చెప్పి మానుకుంటానని అని, చేతిసంచి తీసుకుని బయట షెడ్డు కిందికి పోయాడు.

హాలు ఖాళీగా ఉంది. టీవీలో బొమ్మ ఆగే ఉంది. నేను పోయి చూశాను. నాకూ పగులు కనపడలేదు. నా కంటికి ఏ ఆపరేషనూ కాలేదు.

పరుగున గదికి వచ్చి కంప్యూటర్ తెర మీద చూశాను. ఉంది, సన్నగా, స్పష్టంగా. ఎక్కడ తప్పిందో అప్పుడు తట్టింది. నలుపులో కూడా మెట్లుంటాయి, కటిక నలుపు నుంచి బూడిద దాకా. కంప్యూటర్ నలుపును అట్టడుగు మెట్టు నుంచి లెక్కబెడుతుంది. టీవీ కొంచెం పై మెట్టు నుంచి మొదలుపెడుతుంది, దాని కిందివన్నీ దానికి ఒకటే నలుపు. డబ్బా ఈ రెండింటినీ కుదర్చాలి. ఆ శనివారం గాబరాలో నేను మార్చిన వాటిలో ఒకటి బొమ్మను తెచ్చింది. ఇంకొకటి ఈ కుదర్చడాన్ని తీసేసింది. బొగ్గు నల్లన, పగులు ఇంకొంచెం నల్లన. టీవీలో రెండూ కలిసిపోయాయి. వెనక్కి మార్చాను. హాలుకు పోయి చూస్తే పగులు ఉంది. ఆ శనివారం నేను టీవీలో బొమ్మ బాగుందా అని చూశాను గానీ, పగులు ఉందా అని చూడలేదు.

ఇక్కడ నేను చేసింది దాచకుండా రాయాలి. అరగంట సేపు కుర్చీలో కూర్చున్నాను. తప్పు సరిదిద్దాను, ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం సర్దార్ మళ్లీ చూస్తాడు, పగులు కనపడుతుంది, కన్ను కుదుటపడిందనుకుంటాడు. ఆయన ఉద్యోగం ఉంటుంది, నాదీ ఉంటుంది. అంతా బాగానే ఉంది, రెండు బ్యాచులు తప్ప. వాళ్లు ఆ పగులును ఒక్కసారి కూడా చూడకుండా నేల కింద ఉన్నారు. వాళ్లకు ఏమన్నా అయితే అది నా వల్లనే అని కూడా ఎవరికీ తెలియదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. తెలిస్తే తిడతారు, తీసేస్తారు, అంతే. తెలియకపోతే బాయి సైరన్ మోగిన ప్రతిసారీ వాళ్లను నేనొక్కడినే లెక్కబెట్టుకోవాలి. నెల్లికుదురులో ఆ అవ్వ ముందు కూర్చున్న సత్తెన్న గుర్తొచ్చాడు. ఆయన అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు తెలిసింది.

షెడ్డు కిందికి పోయాను. సర్దార్ అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. నీ కన్ను మంచిగానే ఉంది, తప్పు నాది అని మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. కన్ను గురించి కూడా ఆయన అడగలేదు.

"ఎన్ని బ్యాచులు?"

"రెండు."

"ఎవరెవరు ఏ బాయిల ఉన్నరో రాస్కరా."

ఇన్‌చార్జి సారు ఒప్పుకోలేదు. షిఫ్టులు ఆగుతాయన్నాడు, పైవాళ్లు అడుగుతారన్నాడు, లోపల వాళ్లకు సర్దార్లు ఉంటారు కదా అన్నాడు. కొమురయ్య సర్దార్ కూర్చోకుండా నిలబడే విన్నాడు. ఉంటారు గానీ చూపెట్టడం మన పని, చూపెట్టలేదు అన్నాడు. మీరు పిలవకుంటే నేను బాయి గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికి చెప్తానన్నాడు. నేను వెనకాల నిలబడి, తప్పు నాదని కాగితం రాసిస్తానన్నాను. ఆ కాగితం చూశాక సారుకు కొంచెం ధైర్యం వచ్చింది, పిలవడానికి ఒప్పుకున్నాడు.

మళ్లీ అదే బొమ్మ

తెల్లారి మధ్యాహ్నం, ఆ రెండు బ్యాచుల్లో ఫస్ట్ షిఫ్టు ముగించినవాళ్లు వచ్చినట్టే హాలుకు వచ్చారు. స్నానాలు కూడా కాలేదు, ముఖాల మీద బొగ్గు ఉంది. చూసిన ఫిల్మే మళ్లీ ఎందుకని విసుక్కుంటున్నారు. నేను ముందుకు పోయి, మీకు ఫిల్ము సరిగా చూపించలేదు, తప్పు నాది అని చెప్పాను. వెనక్కి వచ్చి ఫిల్ము నడిపించాను. ఆ చోట ఆపాను.

"ఏం కనపడ్తున్నది?" అని సర్దార్ అడిగాడు.

చాలామంది ఒక్కసారే చెప్పారు, మూలకు పగులుందని. నాకు ఊపిరి వచ్చింది. సర్దార్ ఒక్కొక్కరిని లేపి వేలు పెట్టించడం మొదలుపెట్టాడు. మూడో వరసలో వెంకన్న అని కాళేశ్వరం వైపు మనిషి, ముప్పై దాటి ఉంటాడు, వ్యవసాయం వదిలి వచ్చినవాడు. అతని వంతు వచ్చింది. టీవీ మీద వేలు పెట్టి, తీయలేదు. అట్లాగే నిలబడ్డాడు.

"ఇసొంటిది మా జాగల ఉన్నది సార్" అన్నాడు. "ఫిల్ముల చూడలే గద. ఉత్త గీత అనుకున్న."

సర్దార్ ఏ బాయి, ఎన్నో మలుపు అని రెండే మాటలు అడిగి ఫోన్ దగ్గరికి పోయాడు. సెకండ్ షిఫ్టు అప్పుడే బాయిలోకి దిగుతోంది. ఆయన ఫోన్‌లో ఎవరితోనో, ఆ జాగలకు మనిషిని పోనియ్యకు అని ఒకటే మాట మళ్లీ మళ్లీ చెప్పడం గోడ అవతల నుంచి మాకు వినపడుతోంది. ఆ రోజు అక్కడికి ఎవరినీ పోనివ్వలేదని, మరునాడు కప్పు కింద దుంగలు నిలబెట్టి బోల్టులు కొట్టారని తర్వాత తెలిసింది. ఆ కప్పు పడేదో పడకపోయేదో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

కానీ ఆ క్షణానికి ఇవేవీ మాకు తెలియవు. సర్దార్ ఫోన్‌లోనే ఉన్నాడు. నేను వెనక స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాను. వెంకన్న తన చోటికి పోలేదు. టీవీలో ఆగిన ఆ బొమ్మను ఇంకొకసారి చూసి, నా వైపు తిరిగాడు. కోపం లేదు, మామూలుగానే చెప్పాడు.

"మూడు దినాల సంది దాని కిందనే కూసోని సద్ది తింటున్న సార్."